పాత ఇంటి దూలాలు, ద్వారబంధాలతో భోజనాల బల్ల: సలహాలు కావాలి

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. ఇక్కడ పర్లాకిమిడిలో మా అమ్మమ్మగారి పెంకుటిల్లు విప్పి అదే స్థలంలో డాబా వేస్తున్నాం. సాల (గుగ్గిలం చెట్టు) దూలాలు, టేకు ద్వారబంధాలు, ఆకుపచ్చ రంగు వేసిన తలుపు రెక్కలు పెరట్లో పేర్చి ఉన్నాయి. కలప వ్యాపారి వచ్చి మొత్తానికీ కలిపి ఒక ధర చెప్పాడు. ఇవ్వడానికి మనసొప్పలేదు. వాటితో ఆరుగురు కూర్చునే భోజనాల బల్ల, ఒక పక్కకు పొడవాటి బెంచి నా చేతులతో చేయాలని ఉంది.

ఇంతవరకు పుస్తకాల అరలు, పీటలు, చెప్పుల స్టాండు చేశాను. చేతి రంపం, కరెంటు రంపం, డ్రిల్లింగ్ మెషిన్, ఉలులు, చెక్కను చదును చేసే చిత్రిక ఒకటి ఉన్నాయి. ఇంత వెడల్పు పలక ఎప్పుడూ చేయలేదు. ఇన్నేళ్లు ఇంటి కప్పు కింద ఉన్న కలప కదా, పూర్తిగా ఆరినట్టే అనుకోవచ్చా? పై పలకకు ఏది వాడాలి, కాళ్లకు ఏది? పలకను కాళ్ల మీద ఎలా బిగించాలి? అనుభవం ఉన్నవారు చెప్పండి.

నాగావళి ఒడ్డు (రాయగడ)

వ్యాపారికి ఇవ్వకపోవడం చాలా మంచి పని. అలాంటి చేవ ఉన్న సాల, టేకు ఇప్పుడు ఏ సామిల్లులోనూ సులువుగా దొరకవు.

ముందుగా ఒక విషయం మనసులో నాటుకోవాలి. చెక్క ఎంత పాతదైనా గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుదించుకుపోతుంది. వందేళ్ల దూలమైనా అంతే. పొడవులో ఈ మార్పు కంటికి కనబడదు, వెడల్పులోనే ఉంటుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి సుమారు 5 శాతం, వలయాలకు అడ్డంగా అందులో సగం తగ్గుతుంది. సాల ఇంతకంటే ఎక్కువ కదులుతుంది. మీ బల్ల 3 అడుగుల వెడల్పు అనుకుందాం. మే నెల ఎండలకు, ఆగస్టు ముసురుకు మధ్య చెక్కలో తేమ 6 శాతం మారితే, అడ్డకోత (వలయాలు వెడల్పు వెంబడి వచ్చేలా కోసిన) టేకు పలక దాదాపు ఒక సెంటీమీటరు పెరిగి తగ్గుతుంది. ఆ సెంటీమీటరును ఏ స్క్రూ, ఏ జిగురు, ఏ ఇనుప పట్టీ ఆపలేవు. ఆపబోతే పలక నిలువునా చీలుతుంది.

అందుకే పై పలకకు టేకు, కాళ్లకు సాల తీసుకోండి. సాల బరువు, గట్టిదనం కాళ్లలో బాగా పనికొస్తాయి.

ద్వారబంధం నిలువు కమ్మెలు మామూలుగా 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందంలో, ఏడడుగుల పొడవు ఉంటాయి. తలుపు ఆనే గాడి వైపు కొంత పోయినా ఒక్కో కమ్మెను నిలువుగా కోయిస్తే అంగుళం పైచిలుకు మందంలో రెండు పలకలు వస్తాయి. అలాంటివి తొమ్మిది పది అంచులు కలిపి అతికిస్తే మీ బల్ల తయారు. సన్నటి పలకలు కదా అని చిన్నబుచ్చుకోకండి. వెడల్పాటి ఒకే పలక కంటే ఇవే తిన్నగా నిలుస్తాయి.

వడ్రంగి బిడ్డ (గుణుపురం)

మా నాన్న, తాత ఇదే పని చేశారు. నేను ఉద్యోగం చేసుకుంటూ సెలవుల్లో ఉలి పడతాను. నాగావళి గారి మాటకు ఒకటి జోడిస్తాను.

దూలాన్ని కోసిన రోజే పని మొదలుపెట్టవద్దు. దూలం పైపొర గాలికి ఆరుతుంది, లోపలి భాగం వేరుగా ఉంటుంది. నిలువునా కోయగానే ఇన్నాళ్లూ లోపల బిగబట్టుకుని ఉన్న ఒత్తిడి విడుదలై పలక విల్లులా వంగుతుంది. కొలత కంటే పావు అంగుళం ఎక్కువ మందంలో కోయించండి. నేలకు జానెడు ఎత్తులో, నీడలో పేర్చండి. ప్రతి వరుస మధ్య ఒకే మందం గల పుల్లలు, ఒకదాని మీద ఒకటి నిలువు వరుసలో వచ్చేటట్టు పెట్టండి. కొనలకు పాత పెయింటు గాని మైనం గాని పూయండి. కొనల నుంచే తేమ తొందరగా పోతుంది, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. కొన్ని వారాలు ఆగి, వంగినంత వంగాక అప్పుడు చిత్రిక పట్టండి.

సామిల్లుకు తీసుకెళ్లే ముందు అయస్కాంతం పట్టుకుని ప్రతి దూలాన్నీ నాలుగు పక్కలా వెతకండి. మేకు తల తుప్పు పట్టి చెక్క రంగులో కలిసిపోతుంది. మేకు చుట్టూ నల్లటి మరక ఉంటే లోపల ఇనుము ఉన్నట్టే. పట్టీ రంపానికి మేకు తగిలితే పళ్లు పోవడమే కాదు, పక్కన నిలబడినవారికి ప్రమాదం.

గోపాల్‌పూర్ గాలి (బరంపురం)

తలుపు రెక్కల ఆకుపచ్చ రంగు గురించి ఎవరూ చెప్పలేదు. దయచేసి దాన్ని మెషిన్‌తో పొడిగా గీకవద్దు.

మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో సీసం ఎంతైనా ఉండవచ్చు. గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. చిన్నపిల్లల మెదడుకు సీసం చేసే హానిని తరువాత ఎవరూ సరిదిద్దలేరు. రంగు తీయక తప్పకపోతే ఆరుబయట, తడిపి, గీకుడు బిళ్లతో తీయండి. పెచ్చులు నేల మీద పడకుండా కింద ప్లాస్టిక్ పట్టా పరవండి. పిల్లలను ఆ దగ్గరకు రానివ్వకండి. ఆ బట్టలు విడిగా ఉతకండి. నన్నడిగితే రంగు వేసిన రెక్కలను భోజనాల బల్లకు అసలు వాడవద్దు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

చాలా మేలు చేశారు అక్కా. మా ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. రెక్కలను పక్కన పెట్టేశాను. ద్వారబంధాలకు రంగు లేదు, ఏదో నూనె పూసి నల్లబడి ఉన్నాయి.

పాత రైలు స్లీపర్లు కూడా తుక్కు దుకాణంలో చూశాను. బెంచికి పనికొస్తాయా?

నాగావళి ఒడ్డు (రాయగడ)

తారు వాసన వచ్చే స్లీపరు ఇంట్లోకి వద్దు. చెదలు పట్టకుండా క్రియోసోట్ అనే తారు నూనె ఎక్కించిన చెక్క అది. చర్మానికి తగిలినా, ఎండకు ఆవిరై పీల్చినా మంచిది కాదు. తోట గట్టుకు కూడా నేను వాడను. మీ దగ్గర దూలాలు ఉండగా వాటి జోలికి ఎందుకు?

కొండదారి (కోరాపుట్)

అందరూ గట్టి చెక్క అంటున్నారు గనుక వేరే మాట చెప్పాలనిపించింది. కోరాపుట్‌లో నేను ఎక్కువగా ప్లైవుడ్‌తోనే చేస్తాను. పొరలను అడ్డంగా, నిలువుగా మార్చి అతికిస్తారు గనుక అది పెద్దగా ఉబ్బదు, కుదించుకుపోదు. 8 అడుగులు, 4 అడుగుల షీటులో ఆరుగురి బల్ల ఒకే ముక్కలో వస్తుంది. ఐఎస్ 710 గుర్తు ఉన్నది (మెరైన్ ప్లైవుడ్) తీసుకుంటే నీళ్లు పడినా విడిపోదు. ఐఎస్ 303 ఎంఆర్ (కొద్దిపాటి తేమను మాత్రమే తట్టుకునే) రకం బీరువాలకు చాలు, తడి తగిలే చోట వద్దు. అంచుకు టేకు పట్టీ అతికించి చిత్రిక పట్టండి. చీలుతుందన్న బెంగ ఉండదు. చేయి తిరగని వారికి ఇదే క్షేమం.

వడ్రంగి బిడ్డ (గుణుపురం)

కొండదారి గారూ, బీరువాలకు, అరలకు మీ మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. కాని ఈయన పెరట్లో టేకు ఉంది. దాన్ని వదిలి దుకాణంలో షీటు కొనమనడం నాకు నచ్చలేదు. ప్లైవుడ్ పైపొర అర మిల్లీమీటరు కూడా ఉండదు. పదేళ్లకు గిన్నెల గీతలు పడితే మళ్లీ చిత్రిక పట్టడానికి అందులో ఏమీ మిగలదు. గట్టి పలకనైతే మనవల కాలంలో కూడా ఒక పొర తీసి కొత్తది చేసుకోవచ్చు. ఉబ్బే గుణం ఉందని చెక్కను వదిలేయనక్కరలేదు. ఆ గుణానికి చోటిస్తే చాలు.

నాగావళి ఒడ్డు (రాయగడ)

ఆ చోటు ఎలా ఇవ్వాలో చెబుతాను. ఈ బల్లకంతటికీ ఇదే కీలకం.

కాళ్లను కలుపుతూ పలక కింద నాలుగు వైపులా పట్టీలు వస్తాయి కదా. వాటి లోపలి ముఖానికి, పై అంచు నుంచి అర అంగుళం కింద ఒక గాడి తీయండి. అగ్గిపెట్టె అంత చెక్క బిళ్లలు కోసి, ప్రతి బిళ్లకు ఒక వైపు ఆ గాడిలో దూరే చిన్న నాలుక చెక్కండి. నాలుక గాడిలో ఉంటుంది, బిళ్ల మీదుగా స్క్రూ పై పలకలోకి ఎక్కుతుంది. స్క్రూ పట్టీలోకి మాత్రం వెళ్లదు. పొట్టి పట్టీల మీది బిళ్లలు పలకతో పాటు గాడి వెంబడి జరుగుతాయి. పొడుగు పట్టీల దగ్గర బిళ్ల భుజానికీ (నాలుక మొదలయ్యే చోటి మెట్టు) పట్టీకీ మధ్య సందు కావాలి.

ఆ సందు ఎంత అన్నది మీరు బిగించే కాలాన్ని బట్టి ఉంటుంది. వేసవిలో బిగిస్తే పలక కుదించుకుని ఉంటుంది, ముందు ముందు ఉబ్బుతుంది. అప్పుడు అర సెంటీమీటరు సందు వదలండి. వర్షాకాలంలో బిగిస్తే పలక అప్పటికే ఉబ్బి ఉంటుంది, ఇక లోపలికి జరగడమే మిగులుతుంది. అప్పుడు సందు తక్కువైనా ఫరవాలేదు గాని, నాలుక గాడిలోంచి జారిపోకుండా పొడుగ్గా ఉండాలి.

చెక్క ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటరు లేకపోతే కంగారు లేదు. పలక కొన నుంచి ఒక అడుగు లోపల చిన్న ముక్క కోసి వంటింటి త్రాసులో తూచండి. 100 డిగ్రీలు దాటిన ఓవెన్‌లో, మాడకుండా, బరువు తగ్గడం ఆగేవరకు ఉంచి మళ్లీ తూచండి. తేడాను ఎండిన బరువుతో భాగించండి. 115 గ్రాములు 100 గ్రాములకు వస్తే 15 శాతం తేమ. మీ ఊళ్లో ఇంట్లో వాడే వస్తువుకు 12కు కాస్త అటూ ఇటూ ఉంటే నిశ్చింత.

గోపాల్‌పూర్ గాలి (బరంపురం)

మాకు సముద్రం దగ్గర. అంత పొడి చెక్క తెచ్చి చేస్తే ఇక్కడ మళ్లీ తేమ పీల్చుకుంటుంది. ఏ గదిలో బల్ల ఉంటుందో ఆ గదిలోనే పలకలు కొన్నాళ్లు పేర్చి పెట్టడం నాకు అలవాటు.

ప్రాణహిత (సిరొంచ)

ఆలస్యంగా చూశాను. మాది గడ్చిరోలి జిల్లా, టేకు అడవుల మధ్య ఊరు. అల్లాపల్లి టేకు పేరు మీరు వినే ఉంటారు. అయోధ్య రామాలయం తలుపులకు 2023లో చంద్రపూర్ జిల్లా బల్లార్షా నుంచి టేకు వెళ్లింది. ఇక్కడ పుట్టి పెరిగినవాడిగా టేకు గురించి రెండు మాటలు.

టేకులో సహజంగా నూనె ఉంటుంది. చెదలు ముట్టకపోవడానికి అదొక కారణం, జిగురు సరిగా పట్టకపోవడానికి కూడా అదే కారణం. అంచులు చిత్రిక పట్టిన వెంటనే, అదే పూటలో అతికించండి. నిన్న చదును చేసిన అంచు మీద ఈరోజు జిగురు పూయవద్దు, ఈలోగా నూనె పైకి వస్తుంది. పూసే ముందు థిన్నర్‌లో తడిపిన గుడ్డతో ఒకసారి తుడిచి, ఆరనివ్వండి. మామూలు ఫెవికాల్ పలకకు సరిపోతుంది. రోజూ తడి గుడ్డతో తుడిచే బల్ల గనుక నీటికి నిలిచే మెరైన్ రకమైతే ఇంకా మంచిది. పదీ ఒకేసారి అతికించబోకండి. ఎండాకాలం జిగురు నిమిషాల్లో గట్టిపడుతుంది. మూడేసి అతికించి, తరువాత ఆ ముక్కలను కలపండి. క్లాంపులు (అతుకును నొక్కి పట్టే బిగింపులు) ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి వేస్తే పలక వంగదు.

కాగితాల సంగతి. టేకు కలపకు రాష్ట్రం ఏదైనా అటవీ శాఖ కన్ను ఉంటుంది. మీ ఊరి నుంచి మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే మరో రాష్ట్రం. కోత కోసం అటు తీసుకెళ్లాలనుకుంటే పాత ఇంటి కలపే కదా అని కాగితం లేకుండా బండి ఎక్కించవద్దు. రేంజి కార్యాలయంలో ముందే అడిగి రవాణా అనుమతి తీసుకోండి. ఇల్లు విప్పక ముందు, విప్పుతున్నప్పుడు తీసిన ఫోటోలు, ఇంటి పన్ను రసీదు దగ్గర ఉంచుకోండి. కొత్త టేకు కొనేవారు కూడా డిపో వేలం కాగితమో, లైసెన్సు ఉన్న సామిల్లు బిల్లో లేకుండా కొనకండి. తక్కువకు వస్తుందని దొంగ కలప కొంటే మన అడవిని మనమే నరికినట్టు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

కోత ఇక్కడే పర్లాకిమిడిలో చేయిస్తాను. సరిహద్దు దాటించను.

కాళ్ల అతుకు సంగతి చెప్పండి. ఇనుప మూల పట్టీలు వేసి స్క్రూలు బిగిస్తే చాలదా?

వడ్రంగి బిడ్డ (గుణుపురం)

చాలదని కాదు. కొన్నేళ్లకు స్క్రూ బెజ్జాలు వదులై బల్ల ఊగుతుంది, మళ్లీ బిగించడానికి చెక్కలో పట్టు ఉండదు. కాలికి బెజ్జం, పట్టీకి నాలుక తీసి బిగించండి. ఒకసారి కుదిరిందా, ఇక దాని ఊసు ఎత్తనక్కరలేదు.

కొలతలు ఇవి. కాళ్లు 3 అంగుళాల చదరం. పట్టీ అంగుళం మందం, 4 అంగుళాల వెడల్పు. నాలుక మందం పట్టీ మందంలో మూడో వంతు, అంటే 8 మిల్లీమీటర్లు. పొడవు అంగుళంన్నర. ఒకే కాలిలో రెండు పక్కల నుంచి నాలుకలు వచ్చి కలుసుకుంటాయి గనుక వాటి కొనలను ఏటవాలుగా కోయాలి.

ముందు బెజ్జాలు, తరువాత నాలుకలు. ఉలి వెడల్పే బెజ్జం వెడల్పు. నాలుకను దానికి సరిపడేలా కొద్దికొద్దిగా తగ్గించుకోవచ్చు, బెజ్జాన్ని తిరిగి చిన్నది చేయలేము. సాల రాయిలా ఉంటుంది. డ్రిల్లుతో వరుసగా బెజ్జాలు వేసి లోపలి చెక్క తీసేశాక ఉలితో గోడలు చదును చేయండి. చేతి ఒత్తిడికి నాలుక లోపలికి వెళ్లాలి, కాలిని ఎత్తితే పట్టీ జారిపడకూడదు. కొయ్య సుత్తితో గట్టిగా కొట్టాల్సి వస్తోందంటే ఇంకా తీయాలి, లేకపోతే కాలు చీలుతుంది.

ఇంకొక పద్ధతి మా నాన్న దగ్గర నేర్చుకున్నాను, ఇది రాస్తుంటే నాకు సంతోషంగా ఉంది. కాలిలోంచి బెజ్జానికి అడ్డంగా ఒక సన్నటి బెజ్జం వేస్తాం. నాలుకను లోపల పెట్టి, ఆ బెజ్జం నాలుక మీద ఎక్కడ పడుతుందో బరమా (బెజ్జం వేసే పనిముట్టు) మొనతో గుర్తు పెట్టి బయటకు తీస్తాం. నాలుకకు బెజ్జం సరిగ్గా ఆ గుర్తు మీద వేయం. భుజం వైపు ఒక మిల్లీమీటరు జరిపి వేస్తాం. కొన సన్నగా చెక్కిన గట్టి కొయ్య చీలను దిగగొడితే, ఆ మిల్లీమీటరు తేడా వల్ల అది నాలుకను లోపలికి లాగుతుంది. భుజం కాలికి అతుక్కుపోయి గోరు కూడా దూరదు. క్లాంపు అక్కరలేదు, జిగురు లేకపోయినా నిలుస్తుంది.

ఉలి పదును గురించి కూడా ఒక మాట. 25 డిగ్రీల వాలు నూరి, మొన దగ్గర మాత్రం 30 డిగ్రీలు పెట్టండి. సాల మీద వట్టి 25 డిగ్రీల అంచు వెంటనే ముక్కలవుతుంది.

పంటచేను (చంద్రపూర్)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను అద్దె ఇంట్లో ఉంటాను, పెద్ద చప్పుడు చేసే వీలు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

గోపాల్‌పూర్ గాలి (బరంపురం)

చేతి రంపం, చిత్రిక, ఒక ఉలి, మూలమట్టం. వీటితో పీట చేయండి. పీటలో బల్లలోని అతుకులన్నీ ఉంటాయి, కలప మాత్రం కొంచెమే కావాలి. మామిడి చెక్క చవకే గాని పుప్పి పడుతుంది, అంటే పురుగు తొలుస్తుంది. 10 లీటర్ల నీటిలో 300 గ్రాముల బోరాక్స్, 200 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి నానబెట్టి, నీడలో ఆరబెట్టి, ఆ తరువాత పాలిష్ వేయండి. పూత లేకపోతే నీళ్లు తగిలినప్పుడల్లా ఆ మందు కరిగి పోతుంది. ముక్కుకు మాస్కు తప్పనిసరి. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో చేర్చింది.

మహేంద్రతనయ గారూ, పాలిష్ గురించి కూడా చెప్పేస్తాను. లక్క పాలిష్ మెరుపు ఎంత అందంగా ఉన్నా భోజనాల బల్లకు వద్దు. వేడి గిన్నె పెడితే తెల్లటి వలయం పడుతుంది. పాలీయురేథేన్ పూత మూడు చేతులు (మూడు పొరలు), మధ్యలో 240 నంబరు గరుకు కాగితంతో తేలికగా రుద్దుతూ వేయండి. చారు ఒలికినా చింత లేదు.

ప్రాణహిత (సిరొంచ)

ఇక్కడ నేను ఏకీభవించను. పాలీయురేథేన్ ఒకచోట పెచ్చు లేస్తే బల్లంతా గీకాలి. మరిగించిన అవిసె నూనె పట్టించి పైన మైనం రుద్దితే, మరక పడిన చోట మాత్రమే రుద్ది మళ్లీ నూనె పెట్టవచ్చు. టేకు రంగు కూడా లోపలి నుంచి పలుకుతుంది.

గోపాల్‌పూర్ గాలి (బరంపురం)

ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఏటా నూనె పెట్టే తీరిక ఎవరికి ఉంటుంది? పసుపు మరక నూనె పూతలోకి ఇంకితే అంత సులువుగా పోదు. నా మాట మీదే ఉంటాను. ఒకవేళ నూనె పెడితే మాత్రం తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయవద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

నాగావళి ఒడ్డు (రాయగడ)

ఏ పూత వేసినా పలక అడుగు వైపు కూడా అన్నే చేతులు వేయండి. పైన మాత్రమే వేస్తే ఒక ముఖం తేమ పీలుస్తుంది, మరొకటి పీల్చదు. పలక దొప్పలా వంగుతుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నిర్ణయించుకున్నాను. పై పలక, పట్టీలు టేకు, కాళ్లు సాల. 5 అడుగులు, 3 అడుగుల పలక. బిళ్లలు, గాడి పద్ధతే. అతుకులకు చీలలు. పైన పాలీయురేథేన్, కాళ్లకు అవిసె నూనె. ఎత్తు ఎంత పెట్టాలి, బెంచి ఎంత?

వడ్రంగి బిడ్డ (గుణుపురం)

బల్ల 75 సెంటీమీటర్లు, బెంచి 45. పలక 3, పట్టీ 10 పోగా మోకాళ్లకు 62 సెంటీమీటర్లు మిగులుతాయి, పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు. మనిషికి రెండడుగుల చోటు లెక్కన పొడుగు వైపు ఇద్దరిద్దరు, కొనలకు ఒక్కొక్కరు. బెంచి పొడవు కాళ్ల మధ్య దూరం కంటే నాలుగు అంగుళాలు తగ్గించండి, పని లేనప్పుడు బల్ల కిందికి తోసేయవచ్చు.

కాళ్లను ముందే 72కు కోయవద్దు. 74కు ఉంచి, అంతా బిగించి చదునైన నేల మీద నిలబెట్టాక నాలుగూ ఒకేసారి గుర్తు పెట్టి కోయండి. కోత మొదలుపెట్టే రోజు చెప్పండి, గుణుపురం నుంచి ప్యాసింజరు రైల్లో వస్తాను. బెజ్జాలు కలిసి తీద్దాం.